అటవీ శాఖ మంత్రి గారికి: మా వాగు ఒడ్డున పొదలు కొట్టించకండి

మంత్రి గారికి నమస్కారం.

ఇది నా నాలుగో విన్నపం. మూడుసార్లు సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రశీదు తెచ్చుకున్నాను. మూడోసారి "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అది వచ్చిన రోజే వాగు ఒడ్డున జేసీబీ తిరుగుతోంది.

జంగిల్ క్లియరెన్స్ పేరుతో వాగు ఒడ్డున పొదలు కొట్టించే పనుల సంగతి మీకు తెలుసు. అందులో పోతున్న గిలిగిచ్చ, పాలతీగలు పిచ్చిమొక్కలు కావండీ. నల్లటి రెక్కల మీద లేత నీలం చారలుండే బ్లూ టైగర్ సీతాకోకచిలుకలు వాటినే నమ్ముకుని బతుకుతాయి. తిరుమల లిమ్నియేస్ అని దాని శాస్త్రీయ నామం, పేరులోనే మన తిరుమల ఉంది. నైరుతి వానలకు ముందు, ఏప్రిల్ జూన్ మధ్య, పడమటి కనుమల నుంచి గుంపులు గుంపులుగా తూర్పు కనుమలకు, మైదానాలకు వచ్చి, అక్టోబరు, నవంబరుల్లో మళ్లీ పడమర దారి పడతాయి. గ్రాము బరువు కూడా లేని ప్రాణి వందల కిలోమీటర్లు ఎగురుతుంది!

గిలిగిచ్చ అంటే మనం పొలంలో వేసే జనుముకు చుట్టమే. ఎండిన గిలిగిచ్చ కొమ్మ మీద మగవి వాలి, కాళ్లతో గీరి, తొండం ఆనించి రసం పీలుస్తాయి. చెయ్యి తగిలేంత దగ్గర కూర్చున్నా కదలవు. ఆడవాటిని రప్పించుకునే వాసన ఆ రసంతోనే తయారవుతుంది, ఆ చేదు ఒంట్లో ఉండబట్టే పిట్టలు వాటి జోలికి రావు. ఆడవేమో పాలతీగ ఆకుల మీద ఒక్కొక్క గుడ్డే పెట్టుకుంటూ పోతాయి.

ముందటేడు జూన్‌లో వాగు పక్కన ఎండుకొమ్మ కనపడకుండా వేలాడాయి, మా పిల్లలు బడికి పోకుండా చూస్తూ నిలబడిపోయారు. నిరుడు ఒడ్డంతా చదును చేసి, గడ్డిమందు కొట్టి, కోనోకార్పస్ మొక్కలు నాటారు. ఆ ఆకును ఈ సీతాకోకచిలుకల గొంగళిపురుగు ముట్టదండీ. ఈ ఏడు పొద్దంతా కూర్చుని లెక్కపెడితే 11 కనిపించాయి, అవి కూడా ఎక్కడా వాలకుండా అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయాయి. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అధికారిని అడిగితే "ఎస్టిమేట్‌లో పొదలు తీసేయాలని ఉంది, మేమేం చేస్తాం" అన్నారు.

అక్టోబరు దగ్గర పడుతోంది, మిగిలిన అర కిలోమీటరుకూ కొలతలు వేశారు. దయచేసి దాన్ని వదిలేయమని ఒక్క మాట చెప్పండి. ఎంత బతిమాలాలో నాకు తెలియడం లేదు సార్, వదిలేయమనండి. వీలైతే మీరే ఓసారి పొద్దున్నే రండి, కొమ్మ దగ్గర నిలబెట్టి చూపిస్తాను.

ఇట్లు,
వాగు పక్క చేను రైతు