ఎర్ర స్టిక్కర్ వేసి పంపేస్తున్న తల్లుల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో కష్టమైన కాన్పుల తల్లులకు, బాలింతలకు తోడుగా వెళ్లే ఆడవాళ్లలో నేనొకదాన్ని. మాకు జీతం లేదు, మేం అడగలేదు కూడా. అర్జీలు ఇచ్చీ ఇచ్చీ రసీదులే మిగిలాయి, అందుకే ఇలా రాస్తున్నాను.

ప్రతి నెలా 9వ తారీఖున సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు చేసే పరీక్షల సంగతి మీకు తెలుసు. బీపీ ఉన్నా, రక్తం బాగా తక్కువున్నా, ముందు కాన్పు సిజేరియన్ అయినా ఈ కాన్పులో ప్రమాదం ఉండొచ్చని గుర్తుగా కార్డు మీద ఎర్ర స్టిక్కర్ వేస్తారు. వెయ్యాల్సిందే, ఏ డాక్టరు చూసినా వెంటనే తెలుస్తుంది. కానీ అదెందుకు వేశారో ఆ పిల్లను కూర్చోబెట్టి చెప్పేవాళ్లేరి? ఒకమ్మాయికి మొదటి బిడ్డ ఏడో నెలలో పోయింది. రెండోసారి ఆ స్టిక్కర్ పడ్డాక కార్డును బియ్యం డబ్బాలో దాచేసింది, అత్త చూస్తే "ఈసారీ ఇంతేనా" అంటుందని. రాత్రంతా పొట్ట మీద చెయ్యేసుకుని బిడ్డ కదులుతోందా లేదా అని మేలుకునే ఉండేది. మేం చేసింది వైద్యం కాదు సార్. పక్కన కూర్చుని విన్నాం, ఆమెతో కలిసి మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లి అడిగించాం, అంతే.

కాన్పయ్యాక ఇంకా కష్టం. ఆశా కార్యకర్త 3వ రోజు, 7వ రోజు, అట్లా 42వ రోజు దాకా వచ్చి బిడ్డ బరువు, జ్వరం చూసి పోతుంది, ఆమెకున్న పనికి అంతకన్నా అడగలేం. తల్లి ఏడిస్తే ఇంట్లోవాళ్లు "ఏడవబాక మే, పాలు ఇంకిపోతాయి" అంటారు, ఏడుపు లోపలికి పోతుంది. మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన 14416కు ఫోన్ చెయ్యమంటారు, మంచి నంబరే, కానీ ఫోన్ మొగుడి జేబులో, అత్త పక్క మంచంలో ఉంటే ఆ పిల్ల ఏమని చెప్పుకుంటుంది? బాలింతల్లో మనోవ్యాకులతను (డిప్రెషన్) ముందే పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నలు పదే పది, 1987 నుంచీ ఉన్నాయి, గత ఏడు రోజుల్లో నీ మనసెట్లా ఉందని అడుగుతాయి. మా ఊళ్లలో ఏ బాలింతనూ ఎవరూ అవి అడగగా నేను చూడలేదు.

పుట్టిన బిడ్డకు బాగాలేక నెల్లూరు ఆసుపత్రికి పంపితే తల్లి అవస్థ చూడాలి మీరు. ఇంటికి దాదాపు వంద కిలోమీటర్లు, కుట్లు నొప్పి, బిడ్డ లోపల గాజుపెట్టెలో, ఈమె బయట వరండాలో. ఒక ఆసుపత్రిలో అట్లాంటి తల్లి దగ్గరికి పోతే మమ్మల్ని గుమ్మంలోనే ఆపేశారు, "మీరేమవుతారు ఆమెకు?" అని. ఏం చెప్పమంటారు? గుర్తింపు కార్డులిస్తాం, మానసిక వైద్యుల చేత శిక్షణ ఇప్పిస్తాం అని ఒక అధికారి అందరి ముందూ మాటిచ్చారు. ఆయన బదిలీ అయ్యారు, వచ్చినాయన ఫైలు చూస్తానన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

బతిమాలుకుంటున్నా సార్, ఆ కార్డులు ఇప్పించండి. ఎవరి బాధ మాటలతో తగ్గేది, ఎవరిని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి అన్నది తెలిసేలా శిక్షణ ఇప్పించండి, ఆ తేడా తెలియక ఏ తల్లినైనా పోగొట్టుకుంటామేమోనని మాకే భయంగా ఉంది. 9వ తారీఖున మందులిచ్చే గది పక్కన మాకో కుర్చీ వేయించండి. బస్సు ఛార్జీలు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ముందు మమ్మల్ని లోపలికి రానివ్వమని ఒక్క ఉత్తర్వు పంపండి.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంతం నుంచి ఒక వాలంటీరు