ఆదివారం చర్చ: తుంగభద్ర గేటు

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున పదికి కర్నూలులో, మామూలు చోటే కలుద్దాం. టాపిక్ తుంగభద్ర డ్యామ్.

2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. మొత్తం గేట్లు 33. ప్రిలిమ్స్‌కు ఇంతవరకు చాలేమో గానీ మెయిన్స్‌కు చాలదు. డ్యామ్ ఉన్నది కర్ణాటకలో, నీళ్లలో మనకూ తెలంగాణకూ వాటా ఉంది, నడిపేది తుంగభద్ర బోర్డు. మరి గేటు బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న పట్టుకుని 2021 డ్యామ్ భద్రతా చట్టం చదవండి. విధానాలు రూపొందించేది జాతీయ కమిటీ, వాటిని అమలు చేసేది, డ్యామ్ భద్రతపై రాష్ట్రాల మధ్య పేచీలు తీర్చేది జాతీయ అథారిటీ. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

రాజ్యాంగంలోని 262వ అధికరణ, 1956 అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం ఎలాగూ చూడాలి. రాష్ట్ర జాబితాలో 17వ అంశం (నీళ్లు), కేంద్ర జాబితాలో 56వ అంశం (అంతర్రాష్ట్ర నదులు) పక్కపక్కన పెట్టి చదివితే గొడవ ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

పీడీఎఫ్‌లు రోజూ కుప్పలుగా పడుతున్నాయి, చదివి మాట్లాడేవాళ్లు తక్కువయ్యారు. నాకది నిజంగా బాధగా ఉంది. ఈసారి పీడీఎఫ్‌లు వద్దు. ఎల్‌ఎల్‌సీ (తుంగభద్ర దిగువ కాలువ) కింద పొలాలున్న ఇళ్లవాళ్లు, ఆ ఆగస్టులో కాలువకు నీళ్లు ఎట్లా వచ్చాయో పెద్దవాళ్లను అడిగి రండి. హెచ్చెల్సీ (ఎగువ కాలువ) సంగతి అనంతపురం తమ్ముళ్లు చెప్పాలి.

ప్రతి ఒక్కరూ 150 మాటల్లో జవాబు చేత్తో రాసుకుని తీసుకురండి. ఒకరివి ఒకరం దిద్దుకుందాం.