రాత్రి డ్యూటీకి ఇద్దరు ఆయాలు ఉండాలి

సంపాదకుల వారికి,

మంచాన పడ్డ పెద్దలను చూసుకునే ప్రైవేటు హోమ్‌లు మన నగరాల్లో బాగా పెరిగాయి. నెలనెలా డబ్బు కడుతున్నా అమ్మకు నడుము కింద పుండు పడిందని పిల్లలు బాధపడుతున్నారు. ఆయాలు మూణ్ణెల్లు కూడా నిలవడం లేదని యాజమాన్యాలు వాపోతున్నాయి. ఈ రెండింటికీ మూలం ఒకటే.

కదలలేని మనిషికి ఒకేచోట ఒత్తిడి పడి పుండు పడకుండా రెండు గంటలకోసారి తిప్పాలి. ఒక హాల్లో 15 మంది ఉండి, అందులో లేవలేనివాళ్లు 8 మంది అనుకుందాం. తిప్పి, డైపర్ తడిస్తే మార్చి, ఒళ్లు తుడిచి, పుస్తకంలో రాయడానికి ఇద్దరు కలిసి చేసినా ఒక్కొక్కరికి 10 నిమిషాలు పడుతుంది. అంటే ప్రతి రెండు గంటల్లో 80 నిమిషాలు దీనికే పోతాయి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఒక్క ఆయానే ఉంచితే ఆ పని జరగదు. తెల్లారేసరికి పుస్తకంలో టిక్కులు మాత్రం పడతాయి. దానికి ఆమెను తిట్టి లాభం లేదు.

ఒక్కతే చంకల కింద చేతులు వేసి లాగితే పలచబడిన చర్మం పక్కబట్టకు ఒరుసుకుంటుంది, పుండుకు దారి పడుతుంది. ఆయా నడుమూ పట్టేస్తుంది, ఆమె మానేస్తుంది. యంత్రాలేమీ అక్కర్లేదు. కాటన్ దుప్పటిని రెండు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా మనిషి కింద పరవాలి. మంచం ఎత్తు పెంచే వీలుంటే ఆయాల నడుము దాకా లేపాలి. ఇద్దరూ చెరోవైపు నిలబడి, దుప్పటి అంచును మనిషి ఒంటి దగ్గరి దాకా చుట్టి పట్టుకుని, ఒకేసారి కాస్త ఎత్తి జరపాలి. తర్వాత 30 డిగ్రీలు ఒత్తిగిల్లేలా వీపు వెనక ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకో దిండు పెట్టాలి.

ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లని ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానేస్తుంటారు, అది పెద్ద పొరపాటు.

ఆ కాస్త తేడాను పసిగట్టాలంటే ఆ ఒంటిని రోజూ చూసిన చెయ్యి కావాలి. ఏజెన్సీ పదిహేను రోజులకో మనిషిని మారిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మతిమరుపు ముదిరినవాళ్లు నోరు తెరిచి చెప్పలేరు కూడా. పగటి డ్యూటీలో నలుగురైదుగురిని ఒకే ఆయాకు అప్పగించి, కనీసం ఆర్నెల్లు మార్చకుండా ఉంచాలి. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన అమ్మాయిలకు నొప్పి, దాహం, చలి, తిమ్మిరి వంటి మాటలు మొదటి వారంలోనే నేర్పాలి.

ఆయా నిలవాలంటే ఏజెన్సీ కమీషన్ మానేసి నేరుగా ఉద్యోగంలోకి తీసుకోవాలి. వారానికో సెలవు, 8 గంటల షిఫ్టు, ఏడాది నిండితే ఎంత పెంచుతారో ముందే కాగితం మీద రాసివ్వాలి. ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐలో యజమాని వాటా జీతంలో 3.25 శాతం. 14,000 జీతానికి నెలకు 455 రూపాయలు. ఆ ఖర్చుతో ఆమెకూ ఆమె పిల్లలకూ వైద్యం అందుతుంది.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్ ప్రకారం వృద్ధాశ్రమాల ప్రమాణాలు, సేవలను రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించవచ్చు. ఆ ప్రమాణాల్లో రాత్రి పూట కనీసం ఇద్దరు ఉండాలని చేర్చాలి. తనిఖీకి వెళ్లే అధికారులు గదులు, వంటిల్లుతో పాటు రాత్రి డ్యూటీ పుస్తకం కూడా చూడాలి. గత ఏడాది చేరిన ఆయాలెందరో, మానేసినవాళ్లెందరో లెక్క అడగాలి.

హోమ్ చూడటానికి వెళ్లే కుటుంబాలు ఆయాను పలకరించి, ‘ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావమ్మా? రాత్రి ఎంతమందిని చూసుకుంటావు?’ అని అడగండి. చేర్పించాక వెళ్లినప్పుడల్లా దుప్పటి తీసి మీ అమ్మ మడమలు, నడుము కింది భాగం మీరే స్వయంగా చూడండి.

– ఒక స్టాఫ్ నర్సు, సికింద్రాబాద్