కేబీఆర్ పార్కు: చెట్ల లెక్క, బస్సుల లెక్క ఒకేచోట చూపండి

గౌరవనీయులైన గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం. హైదరాబాద్ నగరం మధ్యలో ఉన్న జాతీయ పార్కు అయిన కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టే పథకానికి 2024 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, రోడ్డు నంబర్ 45, ఫిల్మ్‌నగర్, అగ్రసేన్ కూడలి, క్యాన్సర్ ఆసుపత్రి, పార్కు ప్రధాన ద్వారం కలిపి అప్పట్లో చెప్పిన అంచనా 826 కోట్ల రూపాయలు. ఇది మా పన్నుల సొమ్ము. ఆ దారిలో నీడనిస్తున్న చెట్లూ మావే. అందుకే అడుగుతున్నాను: ఏ చెట్టు పోతుంది, అది పోయినందుకు ఎంతమందికి ప్రయాణం ఎంత సులువవుతుంది, అదే సొమ్ము బస్సుల మీద పెడితే ఎంతమందికి మేలు జరుగుతుంది? ఈ మూడింటినీ ఒకే నివేదికలో పెట్టి, మరో చెట్టు మీద రంపం పడకముందే ప్రజల ముందు ఉంచండి.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 2016లో ఎస్‌ఆర్‌డీపీ (వ్యూహాత్మక రోడ్ల అభివృద్ధి పథకం) పేరుతో ఇదే పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు తలపెట్టినప్పుడు మూడు వేలకు పైగా చెట్లు పోతాయని తేలి నగరవాసులు వీధిలోకి వచ్చారు. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ ధర్మాసనం నరికివేతను ఆపింది. ఆ తర్వాత జరిగినది చాలామంది దృష్టికి రాలేదు. జాతీయ పార్కు చుట్టూ ఉండవలసిన పర్యావరణ సున్నిత ప్రాంతం, అంటే నిర్మాణాలపై ఆంక్షలుండే రక్షణ పట్టీ, ముసాయిదాలో 25 నుంచి 35 మీటర్లు ఉండేది. 2020 అక్టోబరులో వచ్చిన తుది ప్రకటనలో అది 3 నుంచి 29.8 మీటర్లకు తగ్గింది. మూడు మీటర్లంటే ఒక కారు పొడవు కూడా లేదు! దాదాపు 390 ఎకరాల అడవికి, నెమళ్లు తిరిగే చోటికి, కొన్ని వైపుల మనం మిగిల్చిన రక్షణ అంతే. ఆ ప్రకటన కేంద్రానిదే కావచ్చు. కానీ ఆ హద్దు అవతల తవ్వేది మీ సంస్థ. కాబట్టి ఆ తగ్గింపు వల్ల ఏ నిర్మాణాలకు వీలు కలిగిందో చెప్పవలసిన బాధ్యత మీ మీద ఉంది.

రద్దీ లేదని నేను అనడం లేదు. సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర నిలిచిపోయే అంబులెన్సును చూసి బాధపడని వారుండరు. ఆరు కూడళ్లలో ఏదో ఒకచోట అండర్‌పాస్ నిజంగా అవసరమేనని మీ లెక్క నిరూపిస్తే ఒప్పుకుంటాను. అయితే 2020లో దుర్గం చెరువు తీగల వంతెన, రోడ్డు నంబర్ 45 పైవంతెన తెరిచినప్పుడు కూడా రద్దీ తీరుతుందనే అన్నారు. అక్కడ తగ్గిన రద్దీ ఇటు చెక్‌పోస్టు వైపు ఎంత వచ్చి చేరింది? ఆ వంతెనలకు ముందు, తర్వాత తీసిన వాహనాల లెక్కలు బయట పెట్టండి. పాత మందు పని చేసిందో లేదో చూడకుండా మోతాదు పెంచడం న్యాయం కాదు.

చెక్‌పోస్టు దగ్గరే మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ దిగినవాళ్లు ఫిల్మ్‌నగర్‌కో, క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాలంటే ఎన్ని నిమిషాలకో బస్సు ఉండాలని మీ ప్రణాళిక చెబుతోంది? 2019 సమ్మె తర్వాత నగరంలో వందలాది ఆర్టీసీ బస్సులను తగ్గించారు. 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది మంచి నిర్ణయం, దానితో బస్సెక్కేవాళ్లు పెరిగారు. ఆసుపత్రికి వెళ్లే రోగి బంధువులు, బంజారాహిల్స్ ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లు ఫ్లైఓవర్ మీద నుంచి వెళ్లరు. వాళ్లు దాని కింద, నీడ లేని బస్‌స్టాపులో నిలబడతారు. కదలవలసింది మనుషులు గాని వాహనాలు కావని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెబుతోంది. ఫ్లైఓవర్ నమూనా చిత్రాల్లో కార్లు కనిపిస్తాయి. బస్‌స్టాపు ఎక్కడికి మారుతుందో, రోడ్డు దాటేవాళ్లు ఎటు నుంచి నడవాలో కూడా వాటిలో చూపించాలి.

బస్సులు మా పరిధి కాదని మీ ఇంజినీర్లు చెప్పవచ్చు. చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. చెట్లు జీవవైవిధ్య విభాగానికి, వంతెనలు ప్రాజెక్టుల విభాగానికి, బస్సులు ఆర్టీసీకి. వీటన్నిటినీ కలిపి చూడటానికే 2008 హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చట్టం ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థకు చోటిచ్చింది. ఈ పథకం ఆ వేదిక మీదకు వచ్చిందా? వస్తే అక్కడ జరిగిన చర్చ నమోదు ప్రతిని ప్రచురించండి.

ఇక చెట్లను నరకడం లేదు, వేరేచోటికి తరలిస్తున్నామనే మాట. మర్రి, రావి వంటివి కొంత తట్టుకుంటాయి. తల్లివేరు లోతుగా దిగిన చెట్టును ఆ వేరు కోసి లారీ మీద తీసుకెళ్తే బతకడం కష్టం. ఇప్పటివరకు నగరంలో తరలించిన చెట్లు ఎక్కడున్నాయి, మూడేళ్ల తర్వాత ఎన్ని చిగురిస్తున్నాయి? ఒక్కో చెట్టుకు నంబరు, జాతి, కొత్త చోటు ఇచ్చి జాబితా పెట్టండి. ఎవరైనా వెళ్లి చూసుకుంటారు. అలాంటి జాబితా లేనంతకాలం తరలింపు అనే మాటను జనం నమ్మరు, నమ్మనక్కరలేదు కూడా.

ఇదంతా మీ దయ మీద ఆధారపడిన కోరిక కాదు. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ఎవరూ అడగకుండానే ప్రచురించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. ప్రభావానికి గురయ్యేవారికి ఆ నిర్ణయాల కారణాలు చెప్పాలని కూడా అందులోనే ఉంది. మూడు లక్షలకు పైగా జనాభా ఉన్న నగరంలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణంలో రాసుకున్నాం. కూడలి ఏ వార్డులో ఉంటే అక్కడి జనమే మొదట వినాలి, మొదట మాట్లాడాలి.

దాచిపెడితే ఏమవుతుందో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగర పాలక సంస్థ చరిత్ర చూడండి. రోడ్ల మరమ్మతుకు 2012లో ఒక కంపెనీతో 25 ఏళ్ల ఒప్పందం చేసుకుని వీధి చెట్లను నరుకుతూ పోయారు. 2016 నవంబరులో ఒక వీధిలో తెల్లవారకముందే పోలీసులను వెంటబెట్టుకుని రంపాలతో దిగారు. నగరంలోని 36,000 వీధి చెట్లలో 17,500 మార్చాలని ఒప్పందంలోనే ఉందన్న సంగతి సమాచారం కోసం పెట్టిన దరఖాస్తుతో బయటపడింది. చివరకు 2023లో వెలువడిన స్వతంత్ర విచారణ నివేదిక ఆ నగర పాలక సంస్థ నిజాయితీని తప్పుపట్టింది, సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అప్పటికే ఐదు వేలకు పైగా చెట్లు పోయాయి. మన దగ్గర 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో నరికివేతను ఆపడానికి సుప్రీంకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. ప్రతిసారీ కోర్టు ఆపేలోగా కొన్ని ఎకరాలు ఖాళీ అయిపోతున్నాయి.

ఆరు కూడళ్లకూ విడివిడిగా బహిరంగ విచారణ జరపండి. చెట్ల జాబితా, వాహనాల లెక్క, బస్సు ప్రత్యామ్నాయం, మారిన అంచనా వ్యయం అన్నీ దానికి నెల రోజుల ముందే తెలుగులో, ఉర్దూలో సంస్థ వెబ్‌సైటులోనూ కూడళ్ల దగ్గర బోర్డుల మీదా పెట్టండి. పార్కులో నడిచేవాళ్లతోపాటు బస్సులో వచ్చేవాళ్లూ హాజరు కాగలిగేలా ఆదివారం జరపండి. ఆ విచారణలో వచ్చిన అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబు ఇచ్చేవరకు ఏ చెట్టు మీదా రంపం పెట్టబోమని ఉత్తర్వు ఇవ్వండి.

భవదీయుడు,
హైదరాబాద్ నగర పౌరుడు