నాన్న చేతులకు స్వెటర్ చుట్టిన అమ్మాయికి

నాన్నను నిన్న మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చాం. ఆయాసం లేకుండా పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు.

శ్వాసనాళంలో కణితి. ఆపరేషన్‌కు వీల్లేదన్నారు. పోర్ఫిమర్ అనే మందు నరంలోకి ఎక్కించి, 40 గంటలు దాటాక, 50 గంటల్లోపు, బ్రాంకోస్కోప్ (శ్వాసనాళం లోపల చూసే గొట్టం) గుండా సన్నటి ఆప్టికల్ ఫైబర్, అంటే వెలుగును మోసే గాజుపోగు, పంపి ఎర్రటి లేజర్ వెలుగు పెడతామన్నారు. "లోపల కాలుస్తారా?" అని నాన్న ఒకటే భయం. డాక్టర్‌గారు చెప్పినా పోలేదు.

ఆ రాత్రి ఎండోస్కోపీ టెక్నీషియన్ అమ్మాయి డ్యూటీ దిగి వెళ్తూ మంచం దగ్గర ఆగింది. పారేసే ఫైబర్ ముక్క ఒకటి తెచ్చి, ఒక కొసకు ఫోన్ టార్చ్ ఆనించి, రెండో కొస నాన్న అరచేతిలో పెట్టింది. మధ్యలో చుట్ట చుట్టినా వెలుగు వచ్చింది. "చూడండి బాబాయ్, కాలడం లేదుగా! మందు, ఆక్సిజన్, ఈ వెలుగు మూడూ కలిసినచోటే కణాలు చస్తాయి." నాన్న ఆ ముక్కను దిండు కింద దాచుకున్నారు.

వెలుగు పెట్టింది 8 నిమిషాల 20 సెకన్లు. దానికోసం ఎన్ని రోజులు ఆగామో! ఫైల్లో 'లేజర్' అని చూసి, ఇది అందం కోసం చేసే చికిత్సా అంటూ ఇన్సూరెన్స్‌వాళ్లు రెండుసార్లు వెనక్కి పంపారు. ఊపిరాడని మనిషిని ఎదురుగా పెట్టుకుని తేదీ మార్చుకోవడం ఎలా ఉంటుందో వాళ్లకెవరు చెప్పాలి? రెండు రోజులకు మళ్లీ బ్రాంకోస్కోపీ చేసి చచ్చిన కండ తీశారు.

ఆ మందు ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి ఇక కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. తగిలితే చర్మం కాలుతుంది, సన్‌స్క్రీన్ కూడా ఆపలేదు. టోపీ, నల్లద్దాలు తెచ్చాను, గ్లవ్స్ మర్చిపోయాను. గుమ్మం దగ్గర ఆ అమ్మాయే చూసింది. ఒంటిమీది స్వెటర్ విప్పి నాన్న రెండు చేతులకూ చుట్టి, కారు తలుపు పడేదాకా ఎండకు అడ్డంగా నిలబడింది. అన్ని రోజులూ ఏడవనిదాన్ని, అక్కడ ఏడ్చేశాను.

అన్నయ్య, వదిన, మా ఆయన రాత్రిళ్లు కాపలా ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, మత్తు డాక్టర్‌గారిని మర్చిపోయాను! స్ట్రెచర్ తోసిన పెద్దాయన, ఛార్జర్ ఇచ్చిన పక్క బెడ్ వాళ్లబ్బాయి, మీకూ థాంక్స్. గాజుపోగుల కట్టతో బొమ్మ పంపొచ్చని 1954లో చూపించిన శాస్త్రవేత్తలు హాప్కిన్స్, కపానీలకు కూడా.

స్వెటర్ ఉతికి పెట్టాను తల్లీ. ఈ వారమే తెస్తాను.