ఇంటి పర్మిషన్‌తో పాటే మేస్త్రీతో ఒప్పందమూ రాయించండి

రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల చాలా ఇండ్లు నోటి మాట మీదే లేస్తున్నాయి. 'చదరపు అడుగుకు ఇంత' అని గుత్త మాట్లాడుకుంటారు, అడ్వాన్స్ చేతులు మారుతుంది. ఆ అడుగు దేనిదో మాత్రం తేల్చుకోరు. స్లాబ్ పరిచినంత మేరా, గోడల లోపలి కొలతా? మెట్లు, సజ్జలు, పిట్టగోడ, సంపు, సెప్టిక్ ట్యాంక్ అదే రేటులో వస్తాయా? స్లాబ్ పడ్డాక మొదలయ్యే కొట్లాటలకు మొదటి కారణం ఇదే.

రెండోది స్లాబ్ కారడం. సిమెంట్ తక్కువ కలిపారని యజమాని, నీళ్లు కొట్టలేదని మేస్త్రీ. కాంక్రీట్ పనికి దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ (మామూలు) సిమెంట్ అయితే కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంట్) అయితే 10 రోజులు స్లాబ్ తడి ఆరకూడదు. స్పాన్, అంటే స్లాబ్‌ను మోసే ఆధారాల మధ్య దూరం, నాలుగున్నర మీటర్లు దాటితే కింది జాకీలు 14 రోజులు కదపకూడదు. సెంట్రింగ్ సామానుకు రోజు కిరాయి నడుస్తుంటుంది కాబట్టి ముందే విప్పేస్తారు. నీళ్లు ఎవరు కొట్టాలి, కిరాయి ఎవరు కట్టాలి అన్న రెండు ముక్కలు రాసుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది. వెయ్యి చదరపు అడుగుల, 5 అంగుళాల స్లాబ్‌కు దాదాపు 12 ఘనపు మీటర్ల కాంక్రీట్ పడుతుంది. అదే కాంక్రీట్‌తో ఆరు క్యూబులు (నమూనా దిమ్మెలు) పోసి 28 రోజులకు బలం పరీక్ష చేయిస్తే వినియోగదారుల కమిషన్ ముందు పెట్టడానికి ఆధారం ఉంటుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవగా గుర్తించింది. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అయితే వ్యక్తిగత సేవా ఒప్పందం ఆ చట్టంలోకి రాదు. రోజుకూలికి పిలిచి, పక్కన నిలబడి యజమానే పని చెప్పి చేయించుకుంటే అవతలి వకీలు ఇదే వాదన ఎత్తుతాడు. అంటే గుత్తా, కూలా అన్నది తేలనిదే కేసు నిలబడదు.

అదే ప్రశ్న కార్మికుడి మెడకూ చుట్టుకుంటుంది. గుత్త పట్టిన మేస్త్రీ కింద ఒకరు సెంట్రింగ్ మీంచి పడితే, పరిహారం గుత్తకిచ్చినవారి మీదికి రావాలంటే ఆ పని వారి వ్యాపారంలో భాగమై ఉండాలి. సొంత ఇల్లు కట్టుకునే మనిషికి అది వర్తించదు. చివరికి భారమంతా, తానూ తాపీ పట్టి బతికే మేస్త్రీ మీదే పడుతుంది. మణుగు లెక్కన డబ్బు తీసుకుంటూ, తామే కూలీలను పెట్టుకున్న ఉప్పు మడుల పనివారిని కూడా సుప్రీంకోర్టు 1956లోనే కార్మికులుగా ఒప్పుకుంది. గుత్త అన్న పేరు చూసి మేస్త్రీని కాంట్రాక్టర్ అనేయడం అన్యాయం. పని మీద అజమాయిషీ ఎవరిదో, కాంక్రీట్ కలిపే మిల్లర్ ఎవరిదో, నష్టం ఎవరిదో చూడాలి.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో చేరాలంటే గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసినట్టు చూపాలి. అడ్డా మీద నిలబడే కూలీ ఆ రుజువు ఎక్కడినుంచి తెస్తాడు?

అందుకే మా విజ్ఞప్తి. మున్సిపల్ శాఖతో మాట్లాడి, ఇంటి అనుమతి దరఖాస్తుకు తెలుగులో రెండు పేజీల నమూనా ఒప్పందం జత చేయించండి. కొలత పద్ధతి, సామాను ఎవరిది, పునాది నుంచి గిలాబు దాకా ఏ దశకు ఎంత బట్వాడా, కారుడు చూసేందుకు ఒక వానాకాలం దాకా ఆపే 5 శాతం, కూలీల పేర్లు, పని దినాలు, ప్రమాద బీమా ఎవరు కట్టాలో అందులో ఉండాలి. ఒక ప్రతి కార్మిక కార్యాలయానికి చేరాలి. బోర్డు నమోదుకు ఆ కాగితాన్నే రుజువుగా తీసుకోమని మీ అధికారులకు ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
వరంగల్ నగర వాసులు