రిజిస్టర్ చేసిన సర్వీసు ఎందుకు దొరకడం లేదు?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. సి షార్ప్‌తో వెబ్ పేజీలు రాసే బ్లేజర్‌లో కొత్త పేజీ ఒకటి రాశావని, దానికి కావలసిన ఆర్డర్ల సర్వీసును, అంటే ఆర్డర్ల వివరాలు తెచ్చిపెట్టే క్లాసును, యాప్ మొదలయ్యే ప్రోగ్రామ్ ఫైల్లో రిజిస్టర్ చేశావని, అయినా పేజీ తెరవగానే అలాంటి సర్వీసే లేదంటూ ఎర్రర్ వస్తోందని, రెండు రోజులుగా ఆ ఒక్క లైనునే చెరిపి మళ్లీ మళ్లీ రాస్తున్నావని చెప్పావు. ఆ లైనులో తప్పేమీ లేదనే నా నమ్మకం. నీ ఉత్తరం చివర నువ్వు మాటవరసకు రాసిన సంగతి ఒకటి నన్ను ఆపింది: పేజీ ఒక్క క్షణం బాగానే కనిపించి, ఆ తరువాతే అడుగున పసుపు పట్టీ వస్తోందని అన్నావు. అసలు జవాబు ఆ ఒక్క క్షణంలోనే ఉంది. అక్కడికి వచ్చే ముందు ఎర్రర్ మెసేజ్ చదవడం గురించి కొంత రాయాలి, ఎందుకంటే నువ్వు పంపిన మెసేజ్‌లో సగం కత్తిరించి ఉంది, ఆ పోయిన సగమే మనకు కావలసింది.

సర్వీసు దొరకనప్పుడు మనకు ఎక్కువగా ఎదురయ్యే ఎర్రర్లు రెండు. మొదటిది, ఫలానా కాంపోనెంట్‌లోని (పేజీ గానీ పేజీలో ఒక భాగం గానీ) ఫలానా ప్రాపర్టీకి విలువ ఇవ్వలేకపోతున్నాను, ఫలానా టైపు సర్వీసు రిజిస్టర్ కాలేదు అంటుంది. రెండోది, ఫలానా క్లాసును తయారుచేయబోతే దానికి కావలసిన ఫలానా టైపు దొరకలేదు అంటుంది. ఈ రెండూ చూడగానే ఒకేలా అనిపిస్తాయి గానీ చెప్పేది వేరు. మొదటిదాంట్లో కాంపోనెంట్ నేరుగా అడిగిన సర్వీసే లేదు. రెండోదాంట్లో కాంపోనెంట్ అడిగిన సర్వీసు ఉంది, ఆ సర్వీసు తన కన్‌స్ట్రక్టర్‌లో, అంటే తనను తయారుచేసేటప్పుడు నడిచే మెథడ్‌లో, అడిగిన మరొకటి లేదు. రెండో రకం ఎర్రర్ వచ్చినప్పుడు కాంపోనెంట్ ఫైలు తెరిచి వెతకడం వృథా. మెసేజ్‌లో అడిగిన క్లాసు పేరు, దొరకని టైపు పేరు రెండూ ఉంటాయి. ఆ రెండింటినీ కాగితం మీద రాసుకుని, అడిగిన క్లాసు కన్‌స్ట్రక్టర్ నుంచి మొదలుపెట్టాలి.

టైపు పేరును, దాని ముందుండే నేమ్‌స్పేస్‌తో సహా, మొత్తం చదవమని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒకసారి నా ప్రాజెక్టులోనే ఒకే పేరున్న రెండు ఇంటర్‌ఫేస్‌లు (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే టైపులు) ఉండేవి, ఒకటి పాత ఫోల్డర్‌లో, ఒకటి కొత్తదాంట్లో. రిజిస్టర్ చేసింది కొత్తదాన్ని, ఎడిటర్ తనంతట తాను పైన చేర్చిన యూజింగ్ లైను వల్ల పేజీ అడుగుతున్నది పాతదాన్ని. పేరు ఒకటే, ఇంటిపేరు వేరు. మధ్యాహ్నమంతా పోయింది. అలాగే సర్వీసులను నమోదు చేసుకుని అడిగినప్పుడు ఇచ్చే కంటైనర్, వారసత్వాన్ని చూసి ఊహించుకోదు. రిజిస్టర్ చేసే యాడ్‌స్కోప్డ్ పిలుపులో ఆర్డర్‌సర్వీస్ క్లాసును మాత్రమే ఇచ్చి, పేజీలో ఐఆర్డర్‌సర్వీస్ అనే ఇంటర్‌ఫేస్‌ను అడిగితే, ఆ క్లాసు ఆ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తున్నా సరే, దొరకదు. ఏ టైపు పేరుతో నమోదు చేశామో కచ్చితంగా ఆ టైపు పేరుతోనే అడగాలి.

ఇక ఆ పసుపు పట్టీ దగ్గరికి వద్దాం. నీది డాట్‌నెట్ 8 తరువాతి బ్లేజర్ వెబ్ యాప్, పేజీ వెబ్‌అసెంబ్లీ మోడ్‌లో, అంటే బ్రౌజర్‌లోనే, నడుస్తోంది. అంటే నీ సొల్యూషన్‌లో సర్వర్, క్లయింట్ (బ్రౌజర్ వైపు) అని ప్రాజెక్టులు రెండు, ప్రోగ్రామ్ ఫైళ్లు రెండు, కాబట్టి కంటైనర్లు కూడా రెండు. నువ్వు ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే ఆ పేజీ ముందు సర్వర్‌లో ప్రీరెండర్ అవుతుంది. అప్పుడు సర్వీసును ఇచ్చేది సర్వర్ కంటైనర్. తయారైన హెచ్‌టిఎమ్‌ఎల్ బ్రౌజర్‌కు చేరి తెర మీద కనిపిస్తుంది. తరువాత వెబ్‌అసెంబ్లీ రన్‌టైమ్ లేచి, అదే కాంపోనెంట్‌ను బ్రౌజర్‌లో మొదటినుంచి మళ్లీ తయారుచేస్తుంది. ఈసారి అడిగేది క్లయింట్ కంటైనర్‌ను. నువ్వు రెండు రోజులుగా సవరిస్తున్న లైను సర్వర్ ప్రోగ్రామ్ ఫైల్లో ఉంది. బ్రౌజర్‌లోని కంటైనర్‌కు ఆ లైను ఉన్నట్టే తెలియదు. అందుకే పేజీ ఒక క్షణం కనిపించి, ఆ తరువాత పడిపోతోంది. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి కన్సోల్ చూడు, పూర్తి మెసేజ్ అక్కడే ఎర్రగా ఉంటుంది. సర్వర్ లాగ్‌లో దాని జాడ కూడా కనిపించదు.

దీనికి తిరగబడిన పరిస్థితి కూడా ఉంది. సర్వీసును క్లయింట్ వైపు మాత్రమే రిజిస్టర్ చేస్తే ప్రీరెండర్ దశలోనే పడిపోతుంది, పేజీ అసలు కనిపించదు, ఎర్రర్ సర్వర్ లాగ్‌లో ఉంటుంది. వెబ్ ఏపీఐలను పిలిచే హెచ్‌టిటిపి క్లయింట్‌ను ఇంజెక్ట్ చేసుకున్న (కంటైనర్ నుంచి అడిగి తీసుకున్న) పేజీల్లో ఇది తరచుగా జరుగుతుంది, ఎందుకంటే క్లయింట్ వైపు మనం దాన్ని చేర్చుకుంటాం, సర్వర్ వైపు అది దానంతట అది రిజిస్టర్ కాదు. ఆటో మోడ్ ఇంకా చికాకు పెడుతుంది: మొదటిసారి పేజీ సర్వర్ మీద నడుస్తుంది, వెనకాల వెబ్‌అసెంబ్లీ ఫైళ్లు దిగుతుంటాయి, తరువాత వచ్చినప్పుడు బ్రౌజర్‌లో నడుస్తుంది. కాబట్టి క్లయింట్ వైపు రిజిస్ట్రేషన్ మరిచిపోయినవాడికి మొదటిసారి అంతా సవ్యంగా ఉండి, రెండోసారి విరిగిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి బ్రౌజర్ క్యాష్ తుడిచి ఒకసారి, తుడవకుండా ఒకసారి చూడాలి.

పరిష్కారం కోసం ప్రీరెండరింగ్‌ను ఆపేయాలనిపిస్తుంది, ఆపేస్తే ఎర్రర్ పోయే సందర్భాలూ ఉన్నాయి. నేను మాత్రం వద్దంటాను. మొదటి తెర త్వరగా కనిపించే సౌకర్యం పోగొట్టుకుని, ఒక లైను రాయకుండా తప్పించుకున్నట్టు అవుతుంది. పైగా నీ విషయంలో లోపం క్లయింట్ వైపు ఉంది కాబట్టి అది ఏమాత్రం పనిచేయదు కూడా. రెండు వైపులా ఒకేలా ఉండే సర్వీసులన్నిటినీ క్లయింట్ ప్రాజెక్టులో ఒక ఎక్స్‌టెన్షన్ మెథడ్‌లో పెట్టి, రెండు ప్రోగ్రామ్ ఫైళ్ల నుంచీ దాన్నే పిలువు. సర్వర్ ప్రాజెక్టు ఎలాగూ క్లయింట్ ప్రాజెక్టును రిఫరెన్స్ చేసుకుని ఉంటుంది. నీ ఆర్డర్ల సర్వీసు డేటాబేస్‌ను నేరుగా చదువుతోంది కాబట్టి దాన్ని బ్రౌజర్‌లోకి తీసుకెళ్లలేవు. దానికి ఇంటర్‌ఫేస్ ఒకటే ఉంచి, సర్వర్ వైపు డేటాబేస్‌ను చదివే క్లాసు, క్లయింట్ వైపు వెబ్ ఏపీఐని పిలిచే క్లాసు రాసుకోవాలి. పేజీలో ఒక్క అక్షరం కూడా మారదు.

ఇది సరిచేశాక నీకు ఇంకో చిక్కు ఎదురవుతుందని ముందే చెబుతున్నాను. సర్వీసు దొరుకుతుంది, కానీ అందులో దాచిన విలువ ఖాళీగా ఉంటుంది. దీనికి కారణం ఆయుష్షు, అంటే తయారైన సర్వీసు ఎంతకాలం బతుకుతుందనేది. ట్రాన్సియెంట్ అంటే అడిగినప్పుడల్లా కొత్తది, సింగిల్టన్ అంటే యాప్ ఉన్నంతకాలం ఒక్కటే అని అందరికీ తెలుసు. స్కోప్డ్ (ఒక స్కోప్, అంటే ఒక పరిధి, ఉన్నంతసేపు ఒక్కటే) అనే మాట దగ్గరే జారిపోతాం, ఎందుకంటే దాని అర్థం చోటును బట్టి మారుతుంది. మామూలు హెచ్‌టిటిపి పిలుపుల్లో ఒక్కో రిక్వెస్టుకు ఒక్కో స్కోప్. సర్వర్ మీద నడిచే బ్లేజర్ పేజీలో ఒక్కో సర్క్యూట్‌కు, అంటే ఇంచుమించు తెరిచిన ఒక్కో ట్యాబ్‌కు, ఒక స్కోప్. వెబ్‌అసెంబ్లీలో స్కోప్డ్ సర్వీసు సింగిల్టన్‌లాగే ప్రవర్తిస్తుంది. ప్రీరెండరింగ్ జరిగేది హెచ్‌టిటిపి రిక్వెస్టు స్కోప్‌లో, ఆ తరువాత పేజీ బతికేది సర్క్యూట్ స్కోప్‌లో లేదా బ్రౌజర్‌లో. కాబట్టి కాంపోనెంట్ మొదలైనప్పుడు నడిచే ఆన్‌ఇనిషియలైజ్డ్ మెథడ్ రెండుసార్లు నడుస్తుంది, మొదటిసారి సర్వీసులో పెట్టిన విలువ రెండోసారి ఉండదు.

నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష చెయ్యి. సర్వీసు కన్‌స్ట్రక్టర్‌లో ఒక కొత్త జీయూఐడీ (మళ్లీ రాని గుర్తింపు సంఖ్య) పుట్టించి లాగ్‌లో రాయించు, సర్వీసు పోయేటప్పుడు నడిచే డిస్పోజ్‌లో కూడా అదే రాయించు. పేజీ ఒక్కసారి తెరిస్తే లాగ్‌లో ఒక సంఖ్య పుట్టి వెంటనే పోవడం, ఆ తరువాత (నీ పేజీకైతే బ్రౌజర్ కన్సోల్‌లో) వేరే సంఖ్య పుట్టి నిలవడం కళ్లారా కనిపిస్తుంది. ఎన్ని వ్యాసాలు చదివినా రాని స్పష్టత నాకు ఆ లాగ్ లైన్లతో వచ్చింది. మొదటి దశలో తెచ్చిన డేటాను రెండో దశకు అందించడానికి పర్సిస్టెంట్ కాంపోనెంట్ స్టేట్ అనే సర్వీసు ఉంది, దాన్ని వాడుకో.

ఖాళీగా ఉందని విసిగిపోయి స్కోప్డ్‌ను సింగిల్టన్‌గా మార్చాలనే ఆలోచన వస్తే మాత్రం దయచేసి ఆగు. నేను ఒకప్పుడు ఆ పని చేశాను. లాగిన్ అయిన వ్యక్తి వివరాలు దాచే ఒక స్కోప్డ్ సర్వీసు ఉండేది. నోటిఫికేషన్లు పంపే ఒక సింగిల్టన్‌కు అది అవసరమైంది. సింగిల్టన్ నుంచి స్కోప్డ్ సర్వీసును వాడకూడదని యాప్ మొదలవగానే ఎర్రర్ వచ్చింది. ఆ ఎర్రర్‌ను పోగొట్టడానికి స్కోప్డ్ అనే మాటను సింగిల్టన్ అని మార్చాను, ఎర్రర్ పోయింది, నా ఒక్కడి మెషీన్ మీద అన్నీ పనిచేశాయి. తరువాత ఇద్దరు ఒకేసారి లాగిన్ అయినప్పుడు ఒకరి తెర మీద ఇంకొకరి పేరు కనిపించింది. సర్వర్‌లో సింగిల్టన్ అంటే అందరికీ కలిపి ఒక్కటే. ఆ రోజు కలిగిన భయం ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే పేరు కనిపించిన చోట ఇంకేదైనా కనిపించి ఉండవచ్చు.

సింగిల్టన్‌కు స్కోప్డ్ సర్వీసు నిజంగా కావాలంటే సర్వీస్ స్కోప్ ఫ్యాక్టరీని ఇంజెక్ట్ చేసుకుని, పని చేసేంతసేపు ఒక స్కోప్ తెరిచి మూసేయడం సరైన దారి. అయితే అలా తెరిచిన స్కోప్ కొత్తది. అందులో దొరికే వ్యక్తి వివరాల సర్వీసు వాడుకరి సర్క్యూట్‌లోనిది కాదు, ఖాళీది. డేటాబేస్ లాంటి వాటికి అది చాలు, వాడుకరి వివరాలకు చాలదు. వాటిని మెథడ్‌కు పారామీటర్‌గా అందించడమే మేలని నా అభిప్రాయం.

సింగిల్టన్ స్కోప్డ్‌ను వాడితే ఎర్రర్ ఇచ్చే ఈ ఆయుష్షు తనిఖీ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లో మాత్రమే డిఫాల్ట్‌గా జరుగుతుంది. మిగతాచోట్ల సింగిల్టన్ స్కోప్డ్‌ను చడీచప్పుడు లేకుండా పట్టేసుకుంటుంది. సర్వర్ ప్రోగ్రామ్ ఫైల్లో యూజ్‌డిఫాల్ట్‌సర్వీస్‌ప్రొవైడర్‌తో వాలిడేట్‌స్కోప్స్, వాలిడేట్‌ఆన్‌బిల్డ్ రెండింటినీ ట్రూ చేసి అన్ని ఎన్విరాన్‌మెంట్లలోనూ ఉంచు. రెండోదాని మీద పూర్తిగా ఆధారపడకు. అది కంటైనర్‌లో ఉన్న సర్వీసుల కన్‌స్ట్రక్టర్లను చూస్తుంది గానీ పేజీలు ఇంజెక్ట్ చేసుకునే ప్రాపర్టీలను చూడదు. అందుకే నీ యాప్ ఏ ఫిర్యాదూ లేకుండా మొదలై, పేజీ తెరిచాకే పడిపోతోంది.

చిన్నవి రెండు మూడు ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్లన్నీ బిల్డ్ పిలుపుకు ముందే ఉండాలి. ఒకే ఇంటర్‌ఫేస్‌ను రెండుసార్లు నమోదు చేస్తే చివరిదే వస్తుంది. ట్రైయాడ్ వాడితే మాత్రం ముందే ఉన్నదాన్ని తాకకుండా ఊరుకుంటుంది. ఒకే క్లాసును రెండు ఇంటర్‌ఫేస్‌ల కింద సింగిల్టన్‌గా పెడితే రెండు వస్తువులు పుడతాయి. ఒకటే కావాలంటే క్లాసును ఒకసారి నమోదు చేసి, ఇంటర్‌ఫేస్‌లు రెండింటినీ లాంబ్డాతో (పేరులేని చిన్న ఫంక్షన్‌తో) దానివైపు మళ్లించు.

నువ్వు సర్వర్ వైపు రాయబోయే క్లాసు గురించి ఒక మాట ఉంది. డేటాబేస్‌తో మాట్లాడే డీబీకాంటెక్స్ట్‌ను నేరుగా ఇంజెక్ట్ చేసుకోకు. సర్క్యూట్ గంటలపాటు బతకవచ్చు, కనెక్షన్ తెగినా సర్వర్ దాన్ని డిఫాల్ట్‌గా 3 నిమిషాలు ఉంచుతుంది. అంతసేపు ఒకే కాంటెక్స్ట్ ఉంటే, పేజీలోని రెండు కాంపోనెంట్లు ఒకేసారి దాన్ని వాడిన క్షణాన, మొదటి పని పూర్తికాకుండానే రెండోది మొదలైందని ఎర్రర్ వస్తుంది. యాడ్‌డీబీకాంటెక్స్ట్‌ఫ్యాక్టరీతో, అడిగినప్పుడల్లా కొత్త కాంటెక్స్ట్ ఇచ్చే ఫ్యాక్టరీని నమోదు చేసి, ప్రతి మెథడ్‌లోనూ యూజింగ్‌తో ఒక కాంటెక్స్ట్ తెరిచి వాడు.

ముందు క్లయింట్ ప్రోగ్రామ్ ఫైలు తెరిచి చూడు. ఆ తరువాత కూడా ఎర్రర్ వస్తే, మెసేజ్‌ను కత్తిరించకుండా, రెండు ప్రోగ్రామ్ ఫైళ్లతో పాటు పంపు. మెసేజ్ కన్సోల్‌లో వచ్చిందో సర్వర్ లాగ్‌లో వచ్చిందో పక్కన రాయడం మరవకు.

ఇట్లు,
నీ మిత్రుడు